నోముకథలలోని ఆకలి

మన విమర్శకులు ప్రబంధములను వడగట్టిరి. శతకములను తూచి చూచిరి. నవలలకును నాటకములకును గుణదోషముల పట్టికలు వ్రాసిరి. కాని తెలుగునాట ఇంటింట ఏటేట తప్పక చదువబడుచున్న వచనమొకటి కలదు. దానివంక మాత్రము వారు కన్నెత్తి చూడలేదు. అది నోముకథ. నాలుగు పుటల చిన్న పొత్తము, అట్టపై పసుపుమరక, అచ్చుతప్పులకు లెక్కలేదు, రచయిత పేరు లేదు. చదువుటకు పావుగంట చాలును. ఐనను మనుచరిత్రము నెరుగని యిండ్లు వేలున్నను, ఒక్క నోముకథయైన నెరుగని యిల్లు అరుదు. ఇంతకంటె విశేషమొకటి యున్నది. దీనిని వినువారు చేత అక్షతలు పట్టుకొని, ఉదయమునుండి అన్నము లేక, ఒడలెల్ల చెవులు చేసికొని విందురు. ఆకలిగొన్న శ్రోత ఏ మహాకవికిని ఇంత నియమముగా దొరకలేదు, నోముకథకు దొరకినది. కడుపు కాలుచున్నపుడు విన్న మాట, కడుపు నిండియున్నపుడు విన్నదానికంటె లోతుగ దిగును. కావున ఈ కథలు ఆ శ్రోతకు ఏమి చెప్పుచున్నవో పరీక్షించుట విమర్శకుని కర్తవ్యమని మేము తలంచుచున్నాము.

శరదృతువునకు చెందిన కథలలో నాలుగింటిని ఇచట పరిశీలింతుము. మూడు వ్రతకథలు; ఒకటి మహాకావ్యములోనిది. వ్రతములు ఫలించునా ఫలింపవా యను వాదములోనికి మేము దిగము. ఆ వాదము వేరు, ఈ విమర్శ వేరు. మేము ప్రతి కథను అడుగదలచినది యొక్క ప్రశ్నయే: ఆకలిని గూర్చి నీవేమందువు?

ముందుగా కాలమును, దేశమును చూతము. శరత్తనగా ఆశ్వయుజ కార్తికములు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు. సౌరవర్షమునకును దానికిని గల పదునొకండు దినముల లోటును అధికమాసము పూరించును. 2020వ సంవత్సరమున అధికాశ్వయుజము వచ్చుటచే, మహాలయామావాస్య సెప్టెంబరు 17న గడచినను నవరాత్రములు అక్టోబరు 17 వరకు వేచియుండవలసి వచ్చినది. ఈ దిద్దుబాటు లేకున్నచో మన అట్లతద్ది కొన్నియేండ్లకు నడివేసవిలోనికి జారిపోయెడిది. కనుక ఈ నోములు కేవలము తిథులకు గాక ఋతువునకు కట్టుబడినవి.

ఆ ఋతువు కృష్ణాడెల్టాలో ఎట్టిదో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. బందరు, గుడివాడ, దివిసీమలలో సార్వావరి పొట్టకు వచ్చి, వెన్ను వేసి, పాలు పోసికొను కాలమది. చేను పచ్చగా నుండును. గాదె వట్టిదై యుండును. కలిగినవారికి తేడా తెలియదు గాని, కూలిజనమునకు పాతగింజ అడుగంటి క్రొత్తగింజ యింటికి రాని సంధికాలమది. ఆకాశముకూడ అట్టిదే. నైరృతి పవనములు మరలి, బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు దినములవి. 1864 నవంబరు 1వ తేదీని బందరును ముంచివేసి దాదాపు ముప్పదివేలమందిని బలిగొన్న ఉప్పెన, దీపావళి యమావాస్య గడచి కార్తికము ప్రవేశించిన తొలిదినములలో వచ్చినది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను తుడిచివైచిన ఉప్పెనయు కార్తిక శుక్లపక్షముననే వచ్చినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు దాదాపు పదివేలమంది. మన శరత్తు కవులు వర్ణించిన వెన్నెల శరత్తు మాత్రమే కాదు, మబ్బు శరత్తుకూడ. ఈ సంగతి మొదటికథకు మిగుల నవసరము.

ఆ మొదటికథ అట్లతద్దిది. ఆశ్వయుజ బహుళ తదియనాడు కన్నెపిల్లలును క్రొత్తముత్తైదువలును నోచు ఈ నోమునకు పొత్తములలో చంద్రోదయోమావ్రతమని పేరు. ముందునాటి రాత్రి గోరింటాకు, తెల్లవారుజామున లేచి చద్దియన్నము, వీధులలో ఆటలు, చెట్లకొమ్మలకు ఉయ్యాలలు. ఆపై చంద్రోదయము వరకు ఉపవాసము. సాయంకాలము గౌరీపూజ, చంద్రదర్శనము, ముత్తైదువకు పదునొకం డట్లు వాయనము. కథ యిది. ఒక రాజుకూతురు చెలికత్తెలతో కూడి ఈ నోము పట్టెను. సుకుమారి, ప్రొద్దు వాలునప్పటికి సొమ్మసిల్లెను. అన్నలు చూచి ఓర్వలేకపోయిరి. చెట్టునకు అద్దము కట్టి, దూరమున మంట వెలిగించి, అద్దమునందలి వెలుగును చూపి, అమ్మా! చంద్రుడు వచ్చినాడు, భుజింపుమనిరి. ఆమె నమ్మి భుజించెను. ఆ దోషమున ఆమెకు వచ్చిన సంబంధములన్నియు ముసలివరులవే. ఆమె అడవికేగి తపించగా పార్వతీపరమేశ్వరులు ప్రత్యక్షమై, అన్నలు చేసిన మోసమున వ్రతభంగమైనదని చెప్పి, మరల నోపించిరి. అప్పుడు పడుచువరుడు లభించెను. పాఠాంతరములున్నను కథకు ఎముక యిదియే.

ఇది మన దేశమున ఒక్కచోటి కథ కాదు. ఉత్తరదేశమున మరునాడు, అనగా బహుళచవితినాడు, కర్వాచౌత్ అను వ్రతము చేయుదురు. వారు పూర్ణిమతో మాసమును ముగింతురు గనుక దానిని కార్తికమందురు. మనము అమావాస్యతో ముగింతుము గనుక మన కది ఆశ్వయుజమే. అచటి కథలోను ఉపవసించిన చెల్లెలు, ఓర్వలేని యన్నలు, దొంగచంద్రుడు. భేదమొక్కటే: అచట శిక్ష భర్త మరణము, ఇచట ముసలిభర్త. ఒక్క కథ రెండుచోట్ల రెండు శిక్షలను ధరించినదనిన, శిక్ష కథకు ప్రాణము కాదనియు, చెప్పినవారు తమతమ భయములనుబట్టి మార్చుకొనిన తొడుగనియు స్పష్టమగుచున్నది. బాల్యవివాహములును, ముదుసలులకు కన్యలను కట్టబెట్టుటయు వాడుకలోనున్న దినములలో ఆంధ్రదేశపు కన్నెపిల్ల దేనికి భయపడినదో అదియే మన కథలో శిక్షయైనది. ఆ యూహయందు సత్యమున్నది. కాని సత్యమున్నచోటనే అన్యాయమును ఉన్నది. ముసలివరునకు కన్యనిచ్చుట తండ్రి చేసిన పని. ధనాశ చేసిన పని. కథ ఆ నేరమును తండ్రి తలపైనుండి దించి కూతురి కడుపుపై పెట్టినది. నీ పెండ్లి చెడినదా? నీవు చిన్ననాడు ఆకలికి తాళలేకపోతివి, అందుచేత అనుచున్నది.

మరి కథలోని వారి మనస్సులను చూడుడు. పిల్ల మోసము చేయలేదు, మోసపోయినది. అన్నలు మోసము చేసిరి. కాని చెల్లెలిపై ప్రేమచేత చేసిరి. కథయంతటను దయ యన్నది కనబడిన చోటు అది యొక్కటే. ఆ దయకు కథ పెట్టిన పేరు దోషము. సొమ్మసిల్లిన పిల్లను చూచి అన్నము పెట్టవలెననిపించిన మనుష్యుడే ఈ కథలో ప్రతినాయకుడు! సాహిత్యమున ఇంతకంటె విపరీతమైన పాత్రకల్పన మేమెరుగము.

శాస్త్రమేమనుచున్నదో చూతమా? కథ శాస్త్రముకంటె కఠినముగా నున్నది. నీరు, దుంప, పండు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము ఈ యెనిమిదియు వ్రతమును చెరుపవని మహాభారత ముద్యోగపర్వమున స్పష్టముగ చెప్పినది. ధర్మశాస్త్రగ్రంథములు బాలురకును, వృద్ధులకును, రోగులకును ఉపవాసమునుండి మినహాయింపునిచ్చి, పూర్తిగ ఉపవసింపలేనివారికి నక్తమనియు ఏకభుక్తమనియు సులువుదారులు చూపినవి. ఉపవాసమను మాటలోనే ఆకలి లేదు. దగ్గరగా వసించుట యని మాత్రమే దాని యవయవార్థము. కావున సొమ్మసిల్లిన పిల్లచేత పెద్దవారు నాలుగు ముద్దలు తినిపించినచో ఋషులు క్షమింతురు. నాలుగు పుటల పొత్తము మాత్రము క్షమింపదు.

ఇట భాగ్యవశమున మబ్బును తలచుకొనవలెను. బహుళ తదియనాడు చంద్రుడు మనవైపున రాత్రి యేడెనిమిది గంటల ప్రాంతమున ఉదయించును. కాని ఆశ్వయుజమున తీరప్రాంతపు తూరుపుదిక్కు తేటగా నుండునని యెవరు చెప్పగలరు? తెల్లవారుజామున నాలుగింటికి చద్దితిన్న పిల్లకు అప్పటికే పదునారు గంటలు. మబ్బు విడువకున్న ఇంక నెంతసేపు? నేడు చంద్రోదయము నిమిషములతో సహా పంచాంగమున ముద్రితమై యున్నది. చేతిలోని ఫోనులోను తెలియును. అనేక గృహములలో ఆ వేళ దాటగనే మబ్బునకే నమస్కరించి భుజింతురు. మంచిపని. కాని అద్దపు చంద్రుని కథ వినిన పిల్ల ఆ ముద్దను నిశ్చింతగా తినగలదా? ఉపాధ్యాయవృత్తిలోనుండుటచే ఈ సంగతి మాకు పుస్తకములలో కంటె తరగతిగదిలో హెచ్చుగా తెలియును. ఆ దినమున మధ్యాహ్నభోజనపు గంట మ్రోగినపుడు నలుగురైదుగురు బాలికలు బల్లలపై తల వాల్చి యుండిపోవుదురు. ఏమమ్మా యనిన, తింటే ముసలిమొగుడు వచ్చునండీ యని నవ్వుదురు. ఆ నవ్వు సగము నవ్వే; తక్కిన సగము భయము.

ఇందుకొక యాక్షేపము వచ్చును. ఇది పిల్లల పండుగ. ఉయ్యాలయు గోరింటాకును గల పండుగ. దీనికి విమర్శకుని ముల్లుగర్ర యెందుకని పెద్దలందురు. ఉయ్యాలకు మేము శత్రువులము కాము. ఆడుపిల్ల వీధిలోనికి వచ్చి బిగ్గరగ పాడుటకును, చెట్టుకొమ్మయంత యెత్తునకు ఊగుటకును ఏడాదిలో ఒక్క దినమైన అనుమతించిన పండుగను మేమేల కాదందుము? అట్లును కాదనము. మా యాక్షేపణ కథలోని తీర్పునకు. ఆ తీర్పు అట్లతద్దితో ఆగలేదు. అనంతవ్రతమున తోరమును పారవైచిన కౌండిన్యుడు దరిద్రుడగును; కేదారేశ్వరవ్రతమును విడిచిన భాగ్యవతి సిరిని కోల్పోవును; అక్క పుణ్యవతి పంపిన ధనముగూడ దారిలోనే పోవును. దారము తెగినచో బ్రతుకు తెగునని చెప్పు కథలివి. భక్తిని పెంచుటకు చెప్పినవే కావచ్చును. పెరిగినది మాత్రము బెదురు.

అట్లతద్ది గడచి పండ్రెండు దినములు కాకమునుపే దీపావళి, మరునాడు కార్తికము. మన ప్రాంతమున ఈ మాసము కెంత ప్రాభవమో తెలిసినదే. కాలువగట్లపై తెల్లవారుజాము స్నానములు, నాగులచవితినాడు పుట్టలకడ పాలు, చిలకలపూడి పాండురంగని యుత్సవములు, పూర్ణిమనాడు మంగినపూడి తీరమున సముద్రస్నానమునకు వచ్చు జనసముద్రము. ఇండ్లలో దినమునకొక యధ్యాయముగా కార్తికపురాణము చదువుదురు. అందు సోమవారవ్రతమాహాత్మ్యము చెప్పు కథయే మా రెండవకథ.

భర్తకు ద్రోహముచేసిన యొకతె మరుజన్మమున కుక్కయై పుట్టినది. ఒక కార్తిక సోమవారమున దాని కెచ్చటను మెతుకు దొరకలేదు. పగలెల్ల పస్తుండెను. సాయంకాలము వ్రతము ముగించిన బ్రాహ్మణుడొకడు వాకిట బలియన్నము పెట్టగా అది తినెను. తినగనే పూర్వజన్మస్మృతి కలిగి, మానుషభాషతో, స్వామీ! నీవు చేసిన సోమవారములలో ఒక్కదాని ఫలమును నాకు దయచేయుమని వేడుకొనెను. అతడు ధారపోసెను. కుక్క కైలాసమున కేగెను.

ఈ కథలోను స్త్రీని కుక్కగా చూపిన దురభిమానమున్నది. దానిని మేము కప్పిపుచ్చము. ఐనను అట్లతద్దికథ ప్రక్కన దీనిని పెట్టి చూడుడు. అచట తెలియక తినిన ముద్ద పాపమైనది. ఇచట తెలియక పడిన పస్తు పుణ్యమైనది. అచట ఆకలికి అన్నము పెట్టినవారు ద్రోహులైరి. ఇచట ఆకలికి అన్నము పెట్టినవాడు మోక్షదాతయయ్యెను. అచట వ్రతఫలము ఒక దారపుపోగునకంటె బలహీనమై తెగిపోయెను. ఇచట ఒకనినుండి యొకనికి ధారపోయదగిన సొమ్మయ్యెను. ఒకే ఋతువున, ఒకే యింట, ఒకే తల్లి నోట ఈ రెండు కథలును వినబడుచున్నవి. కుక్కయెడ చూపిన దయ కూతురియెడ ఏల చూపగూడదని ఆ తల్లి యెన్నడైన తన్ను తా నడిగికొనినదా? అడిగికొనదు, ఏలయన రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడని చెప్పువారు లేకపోయిరి. విమర్శకుడు లేని సాహిత్యమున కలుగు నష్టమిది.

ఈ రెండవకథకు ఒకమారు మన దివిసీమయందు భయంకరమైన వ్యాఖ్యానము జరిగినది. 1977 నవంబరు 19 శనివారము. ఉప్పెన యానాడు వచ్చినది. ఎల్లుండి 21వ తేదీ కార్తిక సోమవారము. ఆ సోమవారమున దివిసీమ తీరగ్రామములలో సంకల్పము చెప్పుకొని యుపవసించినవా రెందరో కాని, సంకల్పము లేక పస్తున్నవారు వేలకొలది. గింజ కొట్టుకొనిపోయినది, బావులలో ఉప్పునీరు నిండినది, పొయ్యి పెట్టుటకు పొడినేల లేదు. కార్తికపురాణము నిజమైనచో వారందరికిని వ్రతఫలము సిద్ధించియే యుండవలెను. కాని అట్లని వారి యెదుట పలుకగల నోరు ఎవనికున్నది? ఆ కథ చదివి మనము గ్రహింపవలసినది కుక్క పస్తు కాదు; వాకిట పెట్టిన యన్నము. నాడు బెజవాడనుండియు, గుడివాడనుండియు, రాష్ట్రము నలుమూలలనుండియు అన్నపుపొట్లములు మోసికొని బురదలో నడచి వచ్చినవారును, ఆ పిమ్మట ఇండ్లు కట్టించి యిచ్చిన రామకృష్ణ మిషన్ మున్నగు సంస్థలవారును, ఆ పురాణకథను మాటలలో గాక చేతలలో చదివిరి.

ఈ నేలకు దానమును శరత్తుతో ముడివేయుట క్రొత్త గాదు. గుడివాడయందును ఘంటసాలయందును బౌద్ధస్తూపముల శిథిలములున్నవి. బౌద్ధభిక్షువుల వర్షావాసము ఆశ్వయుజ పూర్ణిమతో ముగియును. అటనుండి కార్తికపూర్ణిమవరకు గృహస్థులు వారికి చీవరములు దానము చేయుట నేటికిని బౌద్ధదేశములలో ఆచారము. పూర్ణిమామావాస్యలయందు భిక్షువు లెల్లరు కూడి నియమావళిని పఠించి, తమ తప్పులను తామే చెప్పికొను ఉపోసథమును, మన ఉపవాసమును ఒక్క ధాతువునుండి పుట్టిన మాటలే. నియమము తనకు, దానము పరునకు అను భేదమును వారు స్పష్టముగ పాటించిరి.

ఘంటసాలకు చేరువనే కృష్ణయొడ్డున శ్రీకాకుళమున్నది. ఆంధ్రమహావిష్ణువు వెలసిన యూరు. కళింగదండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు ఇచట ఆగి, ఏకాదశినాడు ఉపవసించి, ఆ రాత్రి వేకువజామున కలలో స్వామి యానతి వడసి ఆముక్తమాల్యదను రచింప బూనెనని ఆ కావ్యపీఠికయే చెప్పుచున్నది. అనగా తెలుగువారి మహాకావ్యములలో నొకటి మన డెల్టాలో ఒక యుపవాసదినమున పుట్టినది. ఉపవసించిన రాజు ఏ కథ వ్రాసెను? ఆకలినిగూర్చియే వ్రాసెను. జడివానలో వంటచెరకు తడిసిపోయినను, ఎండుకొబ్బరిచిప్పలతో పొయ్యి మండించి అతిథులకు అన్నము పెట్టిన విష్ణుచిత్తునితో అతని కావ్య మారంభమగును. అందు చివరి యాశ్వాసమున మాలదాసరి కథ వచ్చును. ఇదియే మా మూడవకథ.

మాలదాసరి వేకువవేళ గుడికేగి స్వామిని పాడి మరలివచ్చు భక్తుడు. ఒకనాడు వేళ తప్పి బయలుదేరి దారితప్పగా, ఆకలిగొన్న బ్రహ్మరాక్షసుడు పట్టుకొనెను. స్వామిని పాడి మరల వచ్చెదను, అప్పుడు తినుమని యతడు బాసచేసి, పోయి, పాడి, ఆడినమాట తప్పక మరలివచ్చి తన దేహమును అర్పించెను. రాక్షసుడు తినలేదు, కాళ్లపై బడెను. నీ పాట ఫలమిచ్చి నన్నుద్ధరింపుమని వేడెను. దాసరి అనుగ్రహించెను, రాక్షసునకు విముక్తి కలిగెను. ఈ కథకు మూలము వరాహపురాణములోని కైశికమాహాత్మ్యము. అందు ఈ సంగతి కార్తికశుక్ల ద్వాదశీజాగరణముతో ముడిపడి యున్నది. తిరుమలలో నేటికిని కైశికద్వాదశి జరుపుదురు.

కుక్కకథతో దీనిని పోల్చుడు. ఎముక యొక్కటే: ఆకలిగొన్న పతితప్రాణి, వ్రతియైన యొక మానవుడు, ధారపోసిన పుణ్యము. కాని దిక్కు మారినది. అచట బ్రాహ్మణుడు కుక్కకు ఇచ్చెను. ఇచట ఊరిబయటివాడు, బ్రాహ్మణజన్మమునుండి పతితుడైన రాక్షసునకు ఇచ్చెను. పుణ్యము పైనుండి క్రిందికే ప్రవహించునను నమ్మకమును ఈ కథ నీళ్లు వదలినది. రాయలు తన కావ్యమున దీనిని చేర్చుట యాదృచ్ఛికమని మేమనుకొనము. ఐదువందల యేండ్లనాడే ఇంత చెప్పగలిగిన భాషలో, నేటి కార్తికపుటాచారము ఎట్లున్నదో చూచిన సిగ్గు కలుగును.

ఉసిరిచెట్టుక్రింద వనభోజనము కార్తికమున గొప్ప పుణ్యమని పురాణము. ఆచారమెంతయు సుందరము, చెట్టునీడను కులమెట్లు తెలియును? ఐనను కార్తికము రాగనే మన పట్టణములలో వెలయు ప్రకటనలు చూడుడు: ఫలానికులమువారి వనభోజనములు, ఫలానికులసంఘమువారి సమారాధన. గుడివాడయందేమి, బందరునందేమి, తోటలు వేరు, గాడిపొయ్యిలు వేరు, వేదికలు వేరు. ఉసిరిచెట్టు గొడుగు పట్టినది; మనము దానిక్రింద గోడలు కట్టితిమి. మాలదాసరి కథ పుట్టిన సీమలో, అతనికి ఏ పంక్తిలో విస్తరి వేయుదురో చెప్పగలవారు మాకు కనబడలేదు.

వాయనమునందును ఇదే లోపము. అట్లు పదునొకండు. అవి పోవునది ముత్తైదువ యింటికి. ఆమె యిచ్చు వాయనము మరల మన యింటికి. కడుపు నిండినవారి నడుమ అట్లు తిరుగుచున్నవి; గుమ్మమవతల నున్నవారికి వాసన మాత్రము దక్కుచున్నది. ఇక భర్త పోయిన స్త్రీ ఆ గదిలోనికే రాదగదు. ఏడాదికి ఇరువదినాలుగు ఏకాదశులు ఉపవసింపవలసిన దామె. ఒక్క వాయనమునకైన నోచుకొననిదియు ఆమెయే. నియమమునకు ముందు వరుస, దానమునకు కడవరుసగూడ కాదు. ఈ నోములను కల్పించిన పూర్వస్త్రీలు దీనిని తలచిరో లేదో కాని, నడుపుచున్న నేటి స్త్రీలు తలపవలెను.

అట్లు తలచిన స్త్రీ పూర్వమును ఒకతె యున్నదని నమ్ముటకు నాలుగవకథ యాధారము. కార్తికము ముగిసిన మరునాడు, మార్గశిర శుద్ధపాడ్యమినాడు, తెల్లవారకమునుపే అరటిదొప్పలలో దీపములు పెట్టి కాలువలో విడుతురు. అది పోలిస్వర్గము. పోలి కడగొట్టుకోడలు. అత్తయు, తోడికోడండ్రును నదికి దీపములకు పోవుచు, ఆమెకు నూనెచుక్క, వత్తి దక్కకుండ దాచిపెట్టి, యింటిచాకిరి యప్పగించి పోయిరి. పోలి ప్రత్తిచెట్టుక్రింద రాలిన దూదితో వత్తి చేసి, కవ్వమునకు అంటిన వెన్నను తీసి, దీపము పెట్టి, ఎవరికంటను బడకుండ బుట్ట బోర్లించెను. విమానము ఆమెకొరకు వచ్చెను. ఈ కథను వ్రాసినవా డెవడో పురుషుడని మేము నమ్మము; ఇది వంటయింట పుట్టిన కథ. కవ్వమునకంటిన వెన్న యెంతయుండునో కవ్వము త్రిప్పిన చేతికే తెలియును. ఇందు బెదిరింపు లేదు. నియమభంగపు లెక్క లేదు. ఉన్నదానితో చేసినది పూర్ణమైనది. అట్లతద్ది పిల్లకు దొరకని న్యాయము ఈ కోడలికి దొరకినది. కొదవ యొక్కటే: అత్తయు తోడికోడండ్రును పోలి కాళ్లు పట్టుకొని వ్రేలాడగా వారు క్రిందపడిరని కథ ముగియును. మాలదాసరియైన పడనీయక పోయెడివాడు!

ఇట్లు నాలుగు కథలను చూచితిమి. ఒకటి ఆకలిని నేరమనుచున్నది. ఒకటి ఆకలిని చూచి యన్నము పెట్టుమనుచున్నది. ఒకటి పెట్టువాని కులమును అడుగవలదనుచున్నది. ఒకటి పేదరాలి నియమమునకు కొలత వేరనుచున్నది. మొదటిదానిని తక్కిన మూడును ఖండించుచున్నవి. సంస్కర్త బయటినుండి ఆయుధము తేనక్కరలేదు; మన పంచాంగములోనే, మన పొత్తములలోనే యున్నది.

కథను మార్చుటకు మన కధికారమున్నదా యని యడుగుదురు. పాఠాంతరములే సమాధానము. ఒకచోట మగడు చచ్చినాడు, ఒకచోట ముసలివాడైనాడు, మార్చినవా రెవ్వరు? వ్రతములు చేసిన స్త్రీలే. పూర్వులు తమ భయములనుబట్టి కథను మార్చుకొనగా, మనము మన వివేకమునుబట్టి మార్చుకొనిన దోషమేమి? రాజుకూతురికి గౌరి ప్రత్యక్షమైనపుడు, నీ యన్నలు చూపిన దీపమును నేనును చూచితిని, అది చాలునని చెప్పినట్లు కథను ముగింపుడు. పడుచువరుడు కావలెనన్న తండ్రిని సంబంధము చక్కగ విచారింపుమనుడు. ఆడుపిల్ల చదువు ముగియువరకు ఆగుమనుడు. ఆచరణమున మూడు మాటలు చాలును. బడికేగు బాలికలచేతను, గర్భిణులచేతను, రోగులచేతను నిరాహారము చేయింపకుడు. పాలు పండ్లు వ్రతమును చెరుపవని ముద్రిత కథకు మొదటనే అచ్చువేయించుడు. పదునొకం డట్లలో ఐదైనను వాయనపు వలయము దాటి, పూట గడవని యింటికిని, భర్త పోయిన పొరుగామెకును పంపుడు. వనభోజనమున కులము పేరిటి పలకను దింపి, తోట పేరు మాత్రము వ్రాయుడు.

నేడు మన రాష్ట్రపు పాఠశాలలలో మధ్యాహ్నభోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టియున్నారు. గోదావరి లంకలలో, 1909లో కన్నుమూయువరకు, కులము నడుగక, వేళ నడుగక అన్నము పెట్టిన యిల్లాలామె. అట్టి తల్లిపేర వడ్డించిన యన్నమును, దొంగచంద్రుని కథకు బెదరి, ఒక పిల్ల అట్లతద్దినాడు త్రోసిపుచ్చుచున్నదనిన, తప్పు పిల్లది కాదు, పండుగదియు కాదు, కథది. కథను చక్కదిద్దుట కష్టము కాదు. అది నాలుగు పుటల పొత్తమే కదా.